టైప్ చేస్తుండగానే మారే మొత్తం: మన సంఘాల ఫారాల్లో లెక్క తప్పకుండా ఉండాలంటే

ఉగాది భోజనాలకు పేర్లు ఇవ్వడం, సంఘం చందా కట్టడం, కల్యాణ మండపం బుక్ చేసుకోవడం, పిల్లల తెలుగు తరగతులకు ఫీజు చెల్లించడం... ఒకప్పుడు రసీదు పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చిన కార్యకర్తతో అయ్యే పనులివి. ఇప్పుడు చాలా చోట్ల ఫోన్లో ఒక ఫారం నింపితే అయిపోతున్నాయి. పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది అని నింపుతుండగానే కింద ‘మొత్తం’ మారుతూ కనిపిస్తుంది. బటన్ నొక్కి ఎదురుచూడనక్కర్లేదు.

సౌకర్యంగానే ఉంటుంది కానీ, ఆ మొత్తం తప్పితే నష్టం ఇంటికే. ఎక్కువ కట్టవచ్చు, తక్కువ కట్టి మళ్ళీ మాట పడవచ్చు, భోజనాల జాబితాలోంచే పేరు జారిపోవచ్చు. రసీదు రాసే మనిషి ఎదురుగా ఉంటే ‘ఇదేమిటి, ఇంతెందుకు అయింది?’ అని అడగవచ్చు. ఫారాన్ని అడగలేం. కాబట్టి ఈ లెక్క ఎలా జరుగుతుందో, ఎక్కడెక్కడ తప్పుతుందో తయారుచేసే వాళ్ళకూ నింపే వాళ్ళకూ తెలియాలి. సంఘం వెబ్‌సైట్ చూసుకునే పని తరచుగా మన ఇళ్ళలోని కుర్రవాళ్ళ మీదే పడుతుంది గనుక వాళ్ళకు పనికొచ్చే వివరాలు కొంచెం ఎక్కువగానే ఇస్తున్నాం.

ఉదాహరణకు ఒక ఊహాత్మక ఫారం తీసుకుందాం. ఉగాది భోజనం పెద్దలకు 150 రూపాయలు, పిల్లలకు 80 రూపాయలు. విరాళం ఇష్టమైతే ఇవ్వవచ్చు. ఒక కుటుంబంలో నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. విరాళం వెయ్యి నూట పదహార్లు. లెక్క 600, 160, 1,116 కలిపి 1,876 రూపాయలు. వ్యాసమంతా ఈ కుటుంబంతోనే నడుద్దాం.

ఈ పద్ధతి ఎక్కడిది

ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ గడులన్నీ వెంటనే మారడం అనే అలవాటు స్ప్రెడ్‌షీట్ల నుంచి వచ్చింది. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విజికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం వెలువడింది. మన సంఘాల కోశాధికారులు ఇప్పుడు ఎక్సెల్‌లో రాసే పద్దులకు పూర్వరూపం అదే.

వెబ్ పేజీల్లో మొదట ఆ వీలు లేదు. ఫారం నింపి పంపితే సర్వర్ లెక్కవేసి కొత్త పేజీ పంపేది. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ భాషను తయారుచేశాక బ్రౌజరే అక్కడికక్కడ లెక్క వేయడం మొదలైంది. ఇవాళ మీ ఫోన్లో మారే ‘మొత్తం’ వెనుక పనిచేసేది ఆ భాషే.

అంకె పడగానే ఏం జరుగుతుంది

గడిలో ఏ మార్పు జరిగినా బ్రౌజర్ పేజీకి ఒక కబురు పంపుతుంది. ఈ కబుర్లను ఈవెంట్లు అంటారు. వీటిలో మూడింటి తేడా తెలుసుకోవాలి.

‘ఇన్‌పుట్’ ఈవెంట్: గడిలోని విలువ మారిన ప్రతిసారీ వస్తుంది. టైప్ చేసినా, వేరేచోటి నుంచి పేస్ట్ చేసినా, మాటతో చెప్పి రాయించినా వస్తుంది.

‘చేంజ్’ ఈవెంట్: గడి నింపి పక్కకు వెళ్ళాకే వస్తుంది. దీన్ని నమ్ముకుంటే మొత్తం ఆలస్యంగా మారుతుంది.

‘కీఅప్’ ఈవెంట్: కీబోర్డు మీద మీట వదిలినప్పుడు వస్తుంది. మౌస్‌తో పేస్ట్ చేస్తే రాదు. పాత ఫారాల్లో పేస్ట్ చేసిన విరాళం లెక్కలోకి రాకపోవడానికి తరచుగా ఇదే కారణం.

కాబట్టి ఈ పనికి తగినది ‘ఇన్‌పుట్’ ఈవెంటే. కబురు వచ్చాక చేయాల్సిన పనిలో ఒకే నియమం పాటించాలి: పాత మొత్తానికి కొత్తది కలపకూడదు, ప్రతిసారీ అన్ని గడులనూ మొదటి నుంచి చదివి లెక్కవేయాలి. 12 మంది అని టైప్ చేసేటప్పుడు ముందు 1 పడుతుంది, తర్వాత 12 అవుతుంది. కలుపుకుంటూ పోయే ఫారం 1కి 150, 12కి 1,800 కలిపి 1,950 చూపిస్తుంది. మొదటి నుంచి లెక్కించేది 1,800 దగ్గరే ఆగుతుంది. వెనక్కి చెరిపినా, మధ్యలో దిద్దినా సరిగ్గానే ఉంటుంది.

76 లక్షల రూపాయల భోజనం

గడిలో మీరు 4 అని కొడితే పేజీకి అందేది సంఖ్య కాదు, ‘4’ అనే అక్షరం. జావాస్క్రిప్ట్‌లో కూడిక గుర్తుకు రెండు పనులున్నాయి. రెండు వైపులా సంఖ్యలుంటే కూడుతుంది. ఒకవైపు అక్షరాలుంటే రెంటినీ పక్కపక్కన అతికిస్తుంది. అందుకే నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి ఆరుగురు కావలసింది 42 మంది అవుతారు.

గుణకారంలో ఈ చిక్కు బయటపడదు. ‘4’ను 150తో గుణిస్తే భాష తానే దాన్ని సంఖ్యగా మార్చుకుని 600 ఇస్తుంది. అలా భోజనాల లెక్క 760 దాకా సరిగ్గా వస్తుంది. విరాళం గడిలోని ‘1116’ను మార్చకుండా దానికి కలిపితే మాత్రం 7601116 అవుతుంది. కామాలు పెట్టి చూపిస్తే 76,01,116 రూపాయలు! విరాళం గడి ఖాళీగా ఉంచి పరీక్షించిన వాళ్ళకు ఈ తప్పు ఎప్పటికీ కనిపించదు. గడిలో ఉన్నదాన్ని ముందు సంఖ్యగా మార్చాలి, ఆ తర్వాతే లెక్కలోకి తీసుకోవాలి.

వెయ్యి నూట పదహార్లు ఒక్క రూపాయి అయ్యే చోటు

సంఖ్యగా మార్చడం అనుకున్నంత సులువు కాదు. మనం డబ్బు రాసే పద్ధతులు చూడండి: 1116, 1,116, రూ.1116, 1116/-. చెక్కు మీద, చదివింపుల పుస్తకంలో, పెళ్ళి కవరు మీద రాసిన అలవాటే ఫారంలోకీ వస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో మార్పిడికి సాధారణంగా వాడే సాధనాలు రెండు: ‘నంబర్’, ‘పార్స్‌ఫ్లోట్’. కామా ఉన్న 1,116ను ‘నంబర్’కు ఇస్తే అది సంఖ్య కాదని చెబుతుంది. ‘పార్స్‌ఫ్లోట్’ ముందు నుంచి చదువుతూ కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది. మన కుటుంబం మొత్తం 1,876కు బదులు 761గా కనిపిస్తుంది. ఫిర్యాదు ఏమీ లేకుండా, నిబ్బరంగా తప్పు చెప్పే ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

అందుకని మార్పిడికి ముందు కామాలు, ఖాళీలు, రూపాయి గుర్తు, చివరి గీతలు తీసేయాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ‘రూ.500’లో ‘రూ’ మాత్రమే తీసేస్తే మిగిలేది ‘.500’, అంటే అర్ధ రూపాయి. చుక్కతో కలిపి తీసేయాలి.

అలాగని అంకెలు కానివన్నీ గుడ్డిగా తీసేయకూడదు. ఎంతమంది వస్తారన్న చోట ‘5 లేక 6’ అని ఎవరైనా రాస్తే, అక్షరాలన్నీ తీసేసిన ఫారం 56 మందికి భోజనం లెక్కగడుతుంది. తెలిసిన గుర్తులే తీసేయాలి. ఇంకా ఏదైనా మిగిలితే ఊహించకుండా, ‘అంకెల్లో మాత్రమే రాయండి’ అని అడగాలి.

ఇంట్లో తెలుగు, కీబోర్డులో మరో లిపి

ఈ భాగం మనలాంటి కుటుంబాలకు ముఖ్యం. షోలాపూర్‌లో మరాఠీ బడిలో చదివిన తెలుగు పెద్దావిడ ఫోన్ కీబోర్డు మరాఠీలో ఉండవచ్చు. బరంపురంలో ఒడియా, బళ్ళారిలో కన్నడ కావచ్చు. మరాఠీ, ఒడియా పత్రికలు ఇప్పటికీ తమ లిపి అంకెలే అచ్చువేస్తాయి కాబట్టి అక్కడ ఆ అంకెలు చేతికి అలవాటైనవే. తెలుగు కీబోర్డులో ౧, ౨, ౩ కూడా ఉన్నాయి. ఫారం చేసినవాళ్ళు మాత్రం 1, 2, 3 తప్ప మరొకటి ఊహించరు. జావాస్క్రిప్ట్ మార్పిడి సాధనాలు ‘౪’ను సంఖ్యగా ఒప్పుకోవు. ఆ పెద్దావిడ తప్పేమీ చేయకుండానే ‘చెల్లదు’ అనిపించుకుంటుంది, లేదా ఆవిడ ఇంటివాళ్ళు సున్నా మందిగా జమవుతారు.

దీన్ని సరిచేయడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. యూనికోడ్‌లో ప్రతి లిపి అంకెలకూ వరుసగా పది సంఖ్యలు కేటాయించారు. వాటిలో సున్నా ఉండే స్థానాలు ఇవి:

• సాధారణ అంకెలు: 48
• దేవనాగరి: 2406
• ఒడియా: 2918
• తమిళం: 3046
• తెలుగు: 3174
• కన్నడ: 3302

ఒక అక్షరం స్థానం 3174 నుంచి 3183 లోపు ఉంటే అందులోంచి 3174 తీసేస్తే అంకె వస్తుంది. ‘౪’ స్థానం 3178 గనుక 4. మిగతా లిపులకూ ఇదే సూత్రం. నాలుగైదు పంక్తుల ప్రోగ్రాముతో అన్ని లిపుల అంకెలూ లోపలికి వస్తాయి.

తెలుగులో ఇంకో ఉచ్చు ఉంది. సున్నా అంకె ‘౦’, అనుస్వారం ‘ం’ చాలా ఫాంట్లలో ఒకేలా కనిపిస్తాయి. రెంటినీ సున్నా అనే అంటాం కూడా. కంప్యూటర్‌కు మాత్రం మొదటిది 3174, రెండోది 3074. వంద అనుకుని ‘౧ంం’ అని కొట్టినవారి ఫారంలో అనుస్వారాలు తీసేస్తే మిగిలేది 1. అంకె పక్కన వచ్చిన అనుస్వారాన్ని సున్నాగా తీసుకుని, ‘100 అని చదివాం, సరేనా?’ అని పక్కన చూపిస్తే సరిపోతుంది.

గడి రకం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. ‘నంబర్’ రకం గడి తేలికగా అనిపిస్తుంది కానీ, అందులో పడ్డది తన నియమాల ప్రకారం సంఖ్య కాకపోతే బ్రౌజర్ పేజీకి ఖాళీ విలువ అందిస్తుంది. మనిషి ఏం రాశాడో పేజీకి తెలిసే దారి ఉండదు. కొన్ని బ్రౌజర్లలో గడి మీద మౌస్ చక్రం తిరిగితే అంకె దానంతటదే మారుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ బృందం ఇలాంటి కారణాలతోనే 2020లో ఆ రకం గడిని వాడవద్దన్న నిర్ణయానికి వచ్చింది. మామూలు అక్షరాల గడి పెట్టి, ‘ఇన్‌పుట్‌మోడ్’ అనే లక్షణాన్ని ‘న్యూమరిక్’ చేస్తే ఫోన్లో అంకెల కీబోర్డు వస్తుంది, రాసింది రాసినట్టు పేజీకి అందుతుంది.

ఖాళీ వేరు, సున్నా వేరు

గడి ఖాళీగా ఉంటే ‘నంబర్’ సాధనం దాన్ని 0 అంటుంది, ‘పార్స్‌ఫ్లోట్’ సంఖ్య కాదంటుంది. విరాళం గడికి ఖాళీ అంటే సున్నా అనుకోవడం న్యాయమే. ‘పెద్దలు ఎంతమంది’ అన్న గడి ఖాళీగా ఉంటే మాత్రం ఇంకా నింపలేదని అర్థం. అక్కడ 0 రూపాయలు చూపించేకంటే ఒక గీత చూపించడం మేలు.

మనిషి టైప్ చేస్తుండగానే ఎర్ర అక్షరాలతో గద్దించకూడదు. 12 కొట్టబోయేవారికి 1 దగ్గర, 0.5 కొట్టబోయేవారికి చుక్క దగ్గర తప్పు చూపిస్తే పెద్దవాళ్ళు బెదిరిపోయి ఫారం వదిలేస్తారు. మొత్తాన్ని వెంటనే మార్చండి, తప్పును మాత్రం గడి దాటాక చెప్పండి. మైనస్ సంఖ్యలను, మనుషుల లెక్కలో సగాలను, ఊహకందని పెద్ద సంఖ్యలను అప్పుడు అడ్డుకోవచ్చు.

పైసలు, లక్షలు

కంప్యూటర్ దశాంశాలను రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటుంది. అందులో 0.1 వంటివి కచ్చితంగా ఇమడవు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. 19.99ను 100తో గుణిస్తే 1998.9999999999998. ఇక్కడ దశాంశ భాగాన్ని కత్తిరిస్తే ఒక పైస పోతుంది. డబ్బును మొదటే దగ్గరి పూర్ణాంకానికి సవరించి పైసల్లోకి మార్చుకుని, లెక్కంతా పైసల్లోనే నడిపి, చూపించేటప్పుడు మాత్రం రూపాయలు చేయడం మంచి పద్ధతి.

రౌండ్ చేయడం ఎక్కడ అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 33.50 చొప్పున మూడు వరుసలున్నాయనుకోండి. ఒక్కో వరుసను 34 చేస్తే మొత్తం 102. అన్నీ కలిపాక చేస్తే 100.50 కాస్తా 101. ఏదైనా ఒకటి ఎంచుకుని తెర మీదా, రసీదులోనూ అదే పాటించాలి.

కామాలు మన పద్ధతిలో రావాలంటే బ్రౌజర్లోని ‘ఇంటల్ నంబర్‌ఫార్మాట్’కు భారత ఇంగ్లీషు గాని, తెలుగు గాని ఇస్తే చాలు. 1234567 కాస్తా 12,34,567గా వస్తుంది. మరాఠీ ఇస్తే అంకెలే దేవనాగరిలో వస్తాయి. ఈ కామాలను మొత్తం చూపించే చోటే పెట్టండి. మనిషి టైప్ చేస్తున్న గడిలో పెడితే కర్సర్ ఎగిరి వేరేచోట పడి అంకెలు తారుమారవుతాయి.

చదివి వినిపించే ఫోన్లకు

చూపు తగ్గినవారు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారు. మొత్తం మారిందని దానికి తెలియాలంటే ఆ అంకెను ‘అవుట్‌పుట్’ అనే మూలకంలో పెట్టాలి. లెక్కల ఫలితాలు చూపించడం కోసం హెచ్‌టీఎమ్‌ఎల్ 5లో దాన్ని చేర్చారు. అయితే ప్రతి మీటకూ మొత్తం చదివితే వినేవారికి చిరాకు. చదవాల్సిన మొత్తాన్ని టైపింగ్ ఆగిన అర సెకనుకో సెకనుకో మార్చడం మంచిది.

మొత్తంతో పాటు వివరం కూడా చూపాలి. ‘1,876’ అని మాత్రమే కాక, ‘పెద్దలు 4 × 150 = 600, పిల్లలు 2 × 80 = 160, విరాళం 1,116’ అని వరుసగా ఉంటే ఇంటివాళ్ళే తప్పు పట్టుకుంటారు. రసీదు పుస్తకంలో కనిపించే వివరం తెర మీద మాయం కాకూడదు.

తెర మీది మొత్తం అంచనా మాత్రమే

ఇంతవరకు చెప్పిన లెక్కంతా నింపేవారి ఫోన్లో జరుగుతుంది. ఆ పేజీని, అందులోని మొత్తాన్ని కాస్త తెలిసినవారు ఎవరైనా తమ బ్రౌజర్లో మార్చుకోగలరు. ఉదయం తెరిచి ఉంచిన పేజీలో పాత ధర ఉండిపోవచ్చు. కాబట్టి సర్వర్ ఫారం పంపిన మొత్తాన్ని తీసుకోకూడదు. ఎంతమంది, విరాళం ఎంత అన్నవే తీసుకుని, తన దగ్గరున్న ధరలతో మళ్ళీ లెక్కవేయాలి. రెండూ కలవకపోతే డబ్బు తీసుకోకముందే ‘ధర మారింది, కొత్త మొత్తం ఇది’ అని చెప్పాలి. అంకెలు శుభ్రం చేసే నియమాలు సర్వర్లోనూ ఇవే ఉండాలి. లేకపోతే తెర ఒకటి, రసీదు ఇంకొకటి చెబుతాయి.

ఫారం విడుదలకు ముందు పరీక్ష

విరాళం గడిలో ఇవి ఒక్కొక్కటిగా కొట్టి చూడండి: ఖాళీ, 0, 1116, 1,116, రూ.1116, 1116/-, ౧౧౧౬, ౧ంం, -5, 19.99. తర్వాత మరాఠీ, ఒడియా, కన్నడ కీబోర్డులతో ఒక్కోసారి. ఆపైన పేస్ట్ చేసి, చెరిపి, మళ్ళీ రాసి. ప్రతిసారీ మొత్తం సరిగ్గా ఉండాలి, లేదా అర్థమయ్యే ప్రశ్న రావాలి. చివరగా ఇంట్లో వయసు పైబడినవారి చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన మాట్లాడకుండా కూర్చోండి. మిగిలిన తప్పులు వాళ్ళ వేళ్ళే చూపిస్తాయి.

నింపేవారు చూసుకోవలసినవి

• మొత్తం కనబడగానే నోటి లెక్కతో ఒకసారి సరిచూడండి. 76 లక్షల వంటి తప్పు ఎవరికైనా తెలుస్తుంది, 761 వంటిది వెతికితేనే తెలుస్తుంది.
• మొత్తం వింతగా ఉంటే కామాలు, గుర్తులు తీసేసి, కీబోర్డు ఇంగ్లీషుకు మార్చి అంకెలు మళ్ళీ కొట్టండి.
• చాలాసేపు తెరిచి ఉంచిన పేజీ అయితే మళ్ళీ లోడ్ చేసి నింపండి.
• యూపీఐ పిన్ నొక్కే ముందు ఆ యాప్ చూపించే మొత్తమే మీ ఖాతాలోంచి పోయేది. అది ఫారంలోని మొత్తంతో కలవకపోతే పిన్ నొక్కకండి.
• వివరం చూపకుండా మొత్తం మాత్రమే చూపే ఫారం అయితే సంఘం వాళ్ళను వివరం పెట్టమని అడగండి. అది వాళ్ళకు ఒక పూట పని, ఊరందరికీ ఉపయోగం.